లోపలికి పీల్చని పొగ

2014లో, చలికాలం మొదట్లో జరిగింది ఇది. రాయ్‌పూర్‌లో బిలాస్‌పూర్ రోడ్డు మీద, మోవాలో నేను క్లినిక్ పెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. బోర్డు మీద పంటి డాక్టరనే ఉంటుంది గానీ నేను పైచదువు చదివింది ఓరల్ మెడిసిన్. పళ్ళు కట్టడం, పీకడం కన్నా, నోటి లోపలి పొర మీద వచ్చే మచ్చలు, పుళ్ళు చూసి అవేమిటో తేల్చడం నా అసలు పని.

ఈ ఊళ్ళో ఆ పనికి కరువు లేదు. గుట్కా ఉంది, ఖైనీ ఉంది, అన్నిటినీ మించి గుడాఖు ఉంది. పొగాకును బెల్లపు మడ్డితో కలిపి చేసే నల్లటి ముద్ద అది. చిన్న డబ్బీలో అమ్ముతారు. పొద్దున లేస్తూనే వేలితో పళ్ళకు రుద్దుకుంటారు, కొందరు రోజంతా రుద్దుకుంటూనే ఉంటారు. విజయనగరం నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన కుటుంబం మాది. నేను ఇక్కడే పుట్టి పెరిగాను కనక ఆ వాసన మనిషి గదిలోకి రాగానే పట్టేస్తాను.

ఆ రోజు వచ్చినాయన దగ్గర మాత్రం ఆ వాసన లేదు. ఇస్త్రీ చొక్కా, మెడకి మఫ్లర్, నున్నగా దువ్విన తెల్ల జుట్టు. పేరు సన్యాసిరావు. రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారట. సొంత ఊరు బొబ్బిలి దగ్గర. వెంట భార్య సత్యవతి గారు ఉన్నారు. నేను తెలుగులో పలకరించేసరికి ఇద్దరి ముఖాలూ విప్పారాయి.

"ఎడమపక్క కింది పన్నొకటి జివ్వుమంటంది తల్లీ. చల్లనీళ్ళు పడితే బస్, ప్రాణం పోతాది" అన్నారాయన.

కుర్చీలో పడుకోబెట్టి లైటు వేశాను. ఆయన చెప్పిన పన్ను చూశాను. కోరపన్నూ, దాని పక్క పన్నూ కలిసేచోట రెండింటి అంచులూ అరిగిపోయి గుండ్రటి సందు ఏర్పడింది. పైవరుసలోనూ సరిగ్గా దానికెదురుగా అలాంటిదే ఇంకొకటి. పళ్ళు మూయమంటే ఆ రెండూ కలిసి పెన్సిలు దూరేంత రంధ్రమైంది. అద్దం పైకి తిప్పి అంగిలి చూశాను. గులాబి రంగులో ఉండాల్సిన అంగిలి బూడిద కలిసిన తెలుపులో, ఎండిన చెరువు అడుగులా చిన్న చిన్న పలకలుగా విడిపోయి ఉంది. ఒక్కో పలక మధ్యలో ఒక్కో ఎర్రటి చుక్క.

చదువుకునే రోజుల్లో ఆ బొమ్మ పుస్తకంలో చూశాను. పరీక్షలో దాని మీద జవాబు రాశాను. మనిషి నోట్లో అంత స్పష్టంగా చూడటం అదే మొదటిసారి.

"బాబాయి గారూ, మీరు పైపు తాగుతారు కదూ. ఎడమవైపు పెట్టుకుంటారు" అన్నాను.

ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయి, కళ్ళు తిప్పి భార్య వైపు చూశారు. "నువ్వు చెప్పీసావేటి?"

"నేను నోరిప్పితే ఒట్టు" అన్నారు సత్యవతి గారు, నవ్వాపుకుంటూ.

ఆయన లేచి కూర్చుని ప్యాంటు జేబులోంచి పైపు తీసి చూపించారు. నల్లటి చెక్క, వేళ్ళు పట్టీ పట్టీ నిగనిగలాడుతోంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక ఆఫీసరు ఇచ్చాడట. అప్పటి నుంచి పైపు లేని సన్యాసిరావుని ఎవరూ చూడలేదట. రైల్వే గ్రౌండులో ఏటా జరిగే ఫుట్‌బాల్ టోర్నమెంటుకి కామెంటరీ చెప్పేది ఆయనే. హిందీలో మొదలుపెట్టి, ఊపొస్తే తెలుగులోకి దూకి, గోలు పడితే రెండూ కలిపేస్తారు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని ఆ గొంతు నేనూ విన్నాను. ఆ గొంతు ఈయనదని అప్పుడే తెలిసింది.

చూస్తున్నది ఎవరి నోరో తెలిశాక, మిగతా పరీక్ష ఇంకా జాగ్రత్తగా చేశాను. నాలుక కొసను బ్యాండేజీ గుడ్డతో పట్టుకుని కుడివైపుకి లాగాను. ఎడమ అంచు మీద, పైపు గొట్టంలోంచి వచ్చే వేడి పొగ నేరుగా తగిలే చోట, చిటికెన వేలి గోరంత మచ్చ. సగం తెలుపు, సగం ఎరుపు. నొప్పి లేదు. అలాంటివి నొప్పి పెట్టవు. అందుకే మనిషికి తెలియదు.

అంగిలి మీది దాన్ని నికోటిన్ స్టోమటైటిస్ అంటారు. వేడికీ పొగకీ అంగిలి పొర మందమెక్కి తెల్లబడుతుంది, లాలాజల గ్రంథుల మూతులు ఎర్రగా ఉబ్బుతాయి. చూడ్డానికి భయంగా ఉన్నా సాధారణంగా అది క్యాన్సర్‌గా మారదు. పొగ మానేస్తే పోతుంది. నాలుక అంచు మీద మచ్చ అలా కాదు. అక్కడ ఎరుపూ తెలుపూ కలిసి కనిపిస్తే తేలిగ్గా తీసుకోకూడదు. టొలుయిడీన్ బ్లూ అనే రంగు వేసి కడిగి చూశాను. మంచి పొర మీద ఆ రంగు నిలవదు, అనుమానించాల్సిన చోట నిలుస్తుంది. మచ్చలో ఎర్రగా ఉన్న భాగం కడిగిన తర్వాత కూడా నీలంగా ఉండిపోయింది.

చేతి అద్దం ఇచ్చి అన్నీ చూపించాను. బయాప్సీ చెయ్యాలి, అంటే ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడాలి అని చెప్పాను. పైపు మానమనీ చెప్పాను.

ఆయన కోప్పడలేదు, భయపడలేదు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. చాలా ఏళ్ళుగా ఈ వాదన కోసమే సిద్ధంగా ఉన్న మనిషిలా కనిపించారు.

"చూడమ్మా, నేను పొగ లోపలికి పీల్చను. నోట్లో తిప్పి వదిలీడమే. ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీసుకో, తళతళలాడతాది. సిగరెట్టోడితో నన్ను జమకడితే ఎలాగ?"

"ఆ మాటలో నిజముంది బాబాయి గారూ. పీల్చనివాళ్ళకి ఊపిరితిత్తుల ముప్పు సిగరెట్టు తాగేవాళ్ళకున్నంత ఉండదు. అసలు తాగనివాళ్ళకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ సిగరెట్టంత కాదు, ఒప్పుకుంటాను."

ఆయన భార్య వైపు తిరిగారు. "విన్నావా సత్యా, డాక్టరమ్మే ఒప్పుకుంది."

"మరి మీరు పీల్చని పొగ అంతసేపూ ఎక్కడుంటోంది?" అన్నాను.

ఆయన నాలుక తెలియకుండానే ఎడమ చెంప వైపు కదిలింది. నాకు ఉత్సాహం ఆగలేదు. పెదవి, నాలుక, అంగిలి, గొంతు, వీటి విషయంలో పైపుకి సిగరెట్టు మీద ఏ రాయితీ లేదని, నోట్లో తిప్పే అలవాటు వల్ల ఆ పొరకి పొగ మరీ ఎక్కువసేపు తగులుతుందని చెప్పాను. ఆయన ఒక్కొక్కటే అడిగారు. మంచి రకం పొగాకైతే? రోజుకి రెండు మూడుసార్లే అయితే? గొట్టం పొడవుదైతే పొగ చల్లారదా? అన్నీ ఆలోచించి అడిగిన ప్రశ్నలే. తెలిసినవాటికి జవాబు చెప్పాను, తెలియనివాటికి తెలియదన్నాను. బయట ఎదురుచూస్తున్న పేషెంటు ఒకరు తలుపు తోసి చూసి వెళ్ళారు. అలాంటి వాదన నాకు కాలేజీ వదిలాక మళ్ళీ దొరకలేదు.

చివరికి ఆయన అసలు చోటికి వచ్చారు. "సరే, నోటికి చెడ్డదే అనుకో. కానీ నేను దానికి బానిసను కాదు. సిగరెట్టోడు బానిస, గుట్కావోడు బానిస. నేను శౌకీన్‌ని, సరదాకి తాగేవోణ్ణి. ఈ రోజు మానాలంటే ఈ రోజే మానీగలను."

"పొగ పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి పోతుంది బాబాయి గారూ. పైపు పొగాకుకి ఆ గుణం ఇంకా ఎక్కువ. పొద్దున లేచాక మొదటి పైపు ఎప్పుడు వెలిగిస్తారు?"

"టీ తాగాక. నిమ్మళంగా."

"నిమ్మళమేటి నిమ్మళం" అన్నారు సత్యవతి గారు. "కళ్ళింకా పూర్తిగా తెరవకుండానే తలగడ కింద పైపు తడుముకుంటారు. నేను టీ తెచ్చీసరికి గదంతా పొగ."

"నువ్వు చెప్తన్నావా? పొద్దుటే లేచి గుడాఖు రుద్దుకుంటూ గంట కూచునేది ఎవరు?"

సత్యవతి గారి ముఖం ఎర్రబడింది. ఆ వాసన నాకు ఆవిడ వచ్చినప్పుడే తెలిసింది, అడగలేదంతే. ఛత్తీస్‌గఢ్ వచ్చిన కొత్తలో ఇరుగుపొరుగు వాళ్ళతో కూర్చుని అలవాటైందట. ఆ డబ్బీ మానమని ఆయన అప్పటి నుంచీ సాధిస్తున్నారట.

"అయితే ఒక మాట" అన్నారావిడ, గొంతు పెంచకుండానే. "డాక్టరమ్మ ముక్క తీసి పంపిస్తాదంట కదా. రిపోర్టు వచ్చీదాకా మీరు పైపు ముట్టకండి. ముట్టకపోతే ఆ రోజే నా డబ్బీ పారీస్తాను. ముట్టారో, ఇంక జన్మలో నన్ను గుడాఖు మాట అనకూడదు."

"డన్" అన్నారు సన్యాసిరావు గారు. "మ్యాచ్ ఫిక్స్. రెఫరీ డాక్టరమ్మ."

రెఫరీ పని నాకు సుఖంగా లేదు. ఆయన ఓడితే తప్ప ఆయనకి తన సంగతి తెలిసిరాదు. ఆయన గెలిస్తే తప్ప ఆవిడ డబ్బీ వదలదు. ఏది జరగాలని కోరుకోవాలో తెలియలేదు. ఆ మర్నాడే నాలుకకి మత్తిచ్చి చిన్న ముక్క తీసి, ఒక కుట్టు వేసి, ముక్కను ల్యాబుకి పంపించాను.

రిపోర్టు ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం ఆయన ఒక్కరే వచ్చారు. మఫ్లర్ లేదు, జుట్టు చెదిరి ఉంది. పేషెంట్లు ఉన్నారని చెప్పినా కూర్చోకుండా వరండాలో అటూ ఇటూ తిరిగారు. లోపలికి పిలవగానే తలుపు వేసి, "తల్లీ, నేను బీడీ కాల్చాను" అన్నారు.

పైపు అనుకుని, "పైపా?" అన్నాను.

"పైపు కాదమ్మా, బీడీ. నా బతుకులో బీడీ ముట్టలేదు. నా కిందోళ్ళు షెడ్డులో కాలిస్తే ఆ వాసనకి తిట్టేవోణ్ణి."

టోర్నమెంటు మీటింగుకి భిలాయ్ వెళ్ళారట. పైపు మానిన మొదటి రోజు నుంచీ తలనొప్పి, నిద్ర లేదు, ఎవరు పలకరించినా కోపం. ముక్క తీశాక నేనిచ్చిన మందుల వల్ల అనుకున్నారు. మీటింగులో చిన్న విషయానికి పాత స్నేహితుడి మీద అరిచారు. తిరుగు బస్సులో ఖాళీ జేబు తడుముకుంటూనే ఉన్నారు. రాయ్‌పూర్ మొదట్లో, టాటీబంధ్ చౌరస్తాలో దిగి మోవా ఆటో కోసం నిలబడ్డారు. పక్కనే టీ బడ్డీ దగ్గర ఒక లారీ డ్రైవరు బీడీ ముట్టించాడు.

"ఆ పొగ ఇలా ముక్కుకి తగిలిందమ్మా. నా కాళ్ళు వాటంతటవే నడిచాయి. 'భయ్యా, ఏక్ బీడీ దేనా' అన్నాను. నేనేనా ఆ మాట అంటన్నాను అనుకున్నాను. అతను నా మొహం చూసి నవ్వీసి, 'లో చాచా' అని ఇచ్చాడు. నేను లోపలికి పీల్చీసానమ్మా. పొట్టదాకా పీల్చాను. మూడు దమ్ములకి తలనొప్పి ఎక్కడికో పోయింది. హాయిగా ఉంది. అప్పుడు భయమేసింది, చూడు. మచ్చ చూపించినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు."

చెబుతున్నప్పుడు ఆయన కళ్ళలో సిగ్గు ఉంది, దాన్ని మించి ఆశ్చర్యం ఉంది. తన శరీరం గురించి తనకే తెలియని సంగతి కొత్తగా తెలిసినట్టు. "పైపు అంటే నాకు ఆ చెక్క, ఆ వాసన, ఆ దర్జా అనుకున్నాను. నాకు కావల్సింది అవేవీ కాదన్నమాట. లారీ డ్రైవరు జేబులో ఉన్నది కూడా నాకు సరిపోయింది" అన్నారు.

నేను ఎంత వివరించినా అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

"పిన్నిగారికి చెప్పారా?" అని అడిగాను.

"ఎలా చెప్పమంటావు? ఓడిపోయానంటే ఆవిడ ఇంక జన్మలో ఆ డబ్బీ వదల్దు."

సాయంత్రం ఇద్దరినీ రమ్మన్నాను. ఆయనే చెప్పారు, బీడీ సంగతి ఏమీ దాచకుండా. సత్యవతి గారు గెలిచిన సంతోషంతో ఒక్క మాటైనా అంటారనుకున్నాను. ఆవిడ చేతిసంచిలోంచి గుడాఖు డబ్బీ తీసి నా బల్ల మీద పెట్టారు.

"ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు" అన్నారు. "అలాంటిది రోడ్డు మీద బీడీ అడిగారంటే లోపల ఎంత మంటెత్తిందో నాకు తెలుసు. ఓసారి కర్ఫ్యూలో దుకాణాలన్నీ బందైతే, గిన్నెలు తోమే పార్వతి డబ్బీలోంచి వేలితో తీసి రుద్దుకున్నాను నేను. ఎవరికీ చెప్పలేదు. ఇద్దరం కలిసి మానుదాం. పందెం గిందెం వద్దు."

సన్యాసిరావు గారు ఆవిడ వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అన్నేళ్ళు ఒక్క ఇంట్లో ఉండి, ఒకరి సంగతి ఒకరు ఆ పూటే విన్నారు.

రెండు రోజులకి రిపోర్టు వచ్చింది. మోడరేట్ డిస్‌ప్లేసియా. అంటే పొరలోని కణాలు తమ తీరు మార్చుకుంటున్నాయి, సగం దారి నడిచాయి, ఇంకా క్యాన్సర్ కాలేదు. ఆ కాగితం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సమయానికి దొరకడం అంటే అదే. ఫోను చేసి, "ఇంకా కాలేదు బాబాయి గారూ. కానీ మచ్చ మొత్తం తీసెయ్యాలి" అన్నాను.

"నాలుకే కదమ్మా తీస్తారు. మాట ఏమవుతాది?" అన్నారు.

అది నేనూ అనుకుంటున్న ప్రశ్నే. సర్జరీ చేసే నా మిత్రుడితో ముందే మాట్లాడాను. అంచు మీద పల్చటి ముక్క చాలు, చుట్టూ కొంచెం మంచి పొర కలిపి తియ్యాలి, మాట కొన్ని వారాలు మొద్దుగా ఉండొచ్చు, తర్వాత తిరిగి వస్తుంది, కానీ హామీ ఇవ్వలేను అన్నాడతను. ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆపరేషను చేయించుకుంటానన్నారు.

మానడం అంత తేలిగ్గా జరగలేదు. ఫిజీషియన్ సలహాతో ఇద్దరికీ నికోటిన్ ప్యాచ్ మొదలుపెట్టాం. చర్మానికి అంటించే పట్టీ అది, కొంచెం కొంచెంగా నికోటిన్ ఇస్తూ తలనొప్పినీ చిరాకునీ తగ్గిస్తుంది, తర్వాత మోతాదు తగ్గించుకుంటూ పోతారు. సన్యాసిరావు గారు బాగానే నిలిచారు. సత్యవతి గారు ఒకసారి పడిపోయారు. అభన్‌పూర్‌లో బంధువులింట పెళ్ళికి వెళ్ళి, ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చుని డబ్బీ తిప్పుతుంటే ఆగలేకపోయారు. ఏడుస్తూ ఫోను చేశారు. వెనక ఆయన గొంతు వినిపించింది. "ఏడవకే. నాది టాటీబంధ్, నీది అభన్‌పూర్. లెక్క సరిపోయింది. రేపట్నుంచి మళ్ళీ."

ఆపరేషను బాగా జరిగింది. అంచుల్లో మారిన కణాలేవీ మిగల్లేదని రెండో రిపోర్టు చెప్పింది. కుట్లు కరిగాక ఆయన రోజూ నా క్లినిక్‌కి వచ్చి అద్దం ముందు కూర్చునేవారు. 'ర' పలకదు, 'ల' జారిపోతుంది. పాత మ్యాచుల్లో ఆడినవాళ్ళ పేర్లన్నీ వరసగా చదివేవారు. "రమేశ్ లోధీ... రాజూ రౌత్రాయ్..." నోరు నొప్పెట్టేదాకా చదివి, లేచి వెళ్ళిపోయేవారు. నాలుగు వారాలు దాటాక అంగిలి చూద్దామని లైటు వేశాను. బూడిద రంగు లేదు. పలకలు లేవు. చిన్నపిల్లల నోట్లో ఉన్నట్టు గులాబి రంగు. వెనకవైపు మాత్రం ఒకటి రెండు ఎర్ర చుక్కలు మిగిలాయి. పుస్తకంలో పోతుందని రాసి ఉంటుంది, పోవడం కళ్ళారా చూడటం వేరు. నర్సును పిలిచి చూపించాను. సత్యవతి గారికి చూపించాను. చేతి అద్దంలో ఆయనకీ చూపించాను. నలుగురం ఒక నోట్లోకి తొంగి చూస్తూ నవ్వుకుంటున్నాం.

టోర్నమెంటు ఫైనల్ రోజు రైల్వే గ్రౌండుకి నేనూ వెళ్ళి సత్యవతి గారి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మైకులో మొదటి మాటలు నెమ్మదిగా వచ్చాయి. ఒక్కో అక్షరాన్నీ చూసుకుని అడుగు వేస్తున్నట్టున్నారు. ఒక ఆటగాడి పేరు దగ్గర తడబడితే వెనక వరసలో ఎవరో కుర్రాళ్ళు నవ్వారు. ఆవిడ పట్టు ఇంకా బిగిసింది. సగం ఆట అలాగే గడిచింది. రెండో సగంలో ఎడమ అంచు నుంచి ఒకడు బంతి తీసుకుని పరిగెత్తాడు. ఆయన గొంతు వాడి వెంట పరిగెత్తింది. "ఏక్ కో కాటా, దూసరే కో భీ కాటా, వొచ్చీసాడు, వొచ్చీసాడు, పెనాల్టీ బాక్స్ మే ఘుస్ గయా, కొట్టీసాడ్రా బాబూ, గోల్..." ఆ చివరి 'ల్' గ్రౌండు చివరిదాకా సాగింది. జనం లేచి నిలబడ్డారు. గోలు కోసమే లేచారు, ఆ 'ల్' కోసం లేచింది మేమిద్దరమే.

ఇప్పటికీ ఆయన ఆరు నెలలకోసారి నాలుక చూపించుకోవడానికి వస్తారు. ఒకసారి తీసేసిన మచ్చ మళ్ళీ రావచ్చు, అందుకని ఆ రాకపోకలు ఆగవు. ఇంతవరకు మచ్చ తిరిగి రాలేదు.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. పేషెంటు వాదనలో నిజమున్న భాగాన్ని ముందుగా ఒప్పుకుంటాను. ఊపిరితిత్తుల సంగతి ఒప్పుకున్నాను కనకనే నాలుక సంగతి ఆయన నమ్మారు. ఇంకొకటి, అలవాటు పడ్డారా అని ఇప్పుడు ఎవరినీ అడగను. ఆ ప్రశ్నకి అందరి దగ్గరా తయారుగా జవాబుంటుంది. "దొరకని రోజున ఏం చేశారు?" అని అడుగుతాను. హుక్కా తాగేవాళ్ళయినా, ఖైనీ నలిపేవాళ్ళయినా, ఆ మాట విన్నాక వెంటనే మాట్లాడరు. ఏదో ఒక రోజు, ఏదో ఒక చోటు గుర్తొస్తుంది. నేను తొందరపెట్టను. లైటు పక్కకి జరిపి, వాళ్ళు చెప్పేదాకా కూర్చుంటాను.